కుట్టుపెట్టెలో దారం

నా నోట్లో నువ్వు గింజ నానదని మా అక్క అంటుంది. ఆవిడ నాకు అక్కే కాదు, మా బడికి హెడ్మాస్టరు కూడా. ఇంతకన్నా పెద్ద శిక్ష లెక్కల మాస్టారికి ఇంకేముంటుంది?

"ఎనిమిదో తరగతిలో సగం మంది వృత్తాల లెక్క తప్పార్రా. ఇరవై రెండేళ్లుగా నువ్వు చెప్తూనే ఉన్నావు, వాళ్లు విన్నట్టు నటిస్తూనే ఉన్నారు. రేపు వాళ్లే కొలవాలి, వాళ్లే కనిపెట్టాలి. నేనొచ్చి వెనక కూర్చుంటా. జవాబు నీ నోట్లోంచి వచ్చిందో, ఆ క్లాసు సైన్సు మాస్టారికి ఇచ్చేస్తా."

ఆ క్లాసంటే నాకు ప్రాణం. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి దారాలు, వంటింట్లోంచి డబ్బా మూతలు సంచిలో వేసుకుని బయల్దేరాను.

"మూత చుట్టూ దారం చుట్టి, స్కేలు మీద కొలవండి. దాన్ని మూత వ్యాసంతో భాగించండి. ఎంతొస్తుందో మీరే చూడండి," అని ఓ మూల కూర్చున్నాను. క్షణంలో గది సంతయింది.

ఒక జట్టుకు 3.1 వచ్చింది. ఇంకో జట్టుకు 3.2. మూత చిన్నదైనా పెద్దదైనా మూడూ చిల్లరే! కేకలు పెట్టారు. కిటికీ పక్క జట్టుకు మాత్రం 2.6. అది గుసగుస జట్టు. ఏమడిగినా పక్కపిల్ల చెవిలోనే చెప్పే అమ్మాయి ఒకతి అందులో ఉంది, ఆమెకు క్లాసు పెట్టిన పేరది. అందరూ నవ్వారు. పాపం, మళ్లీ కొలిచింది. మళ్లీ 2.6. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చూశాను. తన చేతిలో ఉన్నది దారం కాదు, సన్నటి ఎలాస్టిక్! కళ్లజోడు పెట్టుకోకుండా పెట్టె కెలికిన నా నిర్వాకం అది. నా తప్పుకు ఆ పిల్ల ఏడవడమా? క్లాసు పోతే పోనీ అనుకుని లేచాను. వెనక నుంచి అక్క దగ్గింది.

"అమ్మాయ్, అదీ..." అని మొదలుపెట్టాను.

"ఆగండి సార్! చెప్పకండి!"

గది మొత్తం నోరు తెరిచింది. అరిచింది గుసగుసే. పక్క జట్టు దారం లాక్కుని, రెంటినీ సాగదీసింది. ఒకటి సాగలేదు, రెండోది సాగి ముడుచుకుంది.

"మూత మీద సాగుతోంది, స్కేలు మీదికి వచ్చేసరికి ముడుచుకుపోతోంది. మా లెక్క కరెక్టే. మీరిచ్చిన దారమే తప్పు సార్!"

అరువు దారంతో మళ్లీ కొలిచింది. 3.1. చప్పట్లకు కిటికీలు అదిరాయి. నేనైతే సంతోషం పట్టలేకపోయాను.

గంట కొట్టాక అక్క లేచింది. "క్లాసు నీదేరా. జవాబు నీ నోట్లోంచి రాలేదుగా."

"రాబోయిందక్కా. ఆ పిల్లే ఆపింది."

"అదే చూశా," అంది అక్క. "యాభై ఏళ్లుగా నావల్ల కాని పని."