ముగ్గు పడని దిబ్బ

మా ఊళ్ళో కొండ లేదు. సూళ్లూరుపేట దాటి తూర్పుకు వస్తే ఉప్పునేల, రొయ్యల గుంటలు, సరుగుడు చెట్ల సర్వితోపు, దాని వెనక ఇసుక దిబ్బ, ఆపైన సముద్రం. కొండలో తునక కూడా కనిపించదు. అలాంటి ఊరికి కొండల మీద తొక్కే సైకిళ్ళ పార్కు వస్తుందని విన్నప్పుడు పడి పడి నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. నవ్వే బదులు ఆ రోజే అడ్డం పడి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు.

పార్కుకు నక్షా గీసే కంపెనీ నుంచి సుధాకర్ అనే ఇంజినీరు నెల్లూరు నుంచి వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. అలాంటివాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. కసిరే మనిషితో పోట్లాడొచ్చు, నవ్వే మనిషితో ఏం పోట్లాడతాం? శ్రీహరికోట షార్‌లో రాకెట్ ఎగిరేటప్పుడు చూడ్డానికి వచ్చే జనం, పులికాట్‌లో పక్షుల కోసం వచ్చే జనం మన పక్కనుంచే పోతున్నారు, ఎవరూ ఆగడం లేదు, ఇకమీదట ఆగుతారు అన్నాడు. దిబ్బ ఎత్తుపల్లాలే మనకు కొండ అన్నాడు. ఇసుకలో చక్రం దిగబడదా అని ఎవరో అడిగితే గ్రావెల్ పోసి రోలర్ తిప్పిస్తామన్నాడు.

"కానీ దారి ఎటు పోవాలో మేం చెప్పం. అది మీ హక్కు. మీ ఊరు మీరే గీయండి," అన్నాడు.

బడి ముందు నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, మా పొదుపు సంఘం ఆడవాళ్ళ చేతుల్లో ముగ్గుపిండి, రంగులు పెట్టారు. పన్నెండు మందిమి కూర్చున్నాం. మా లీడరు వెంకటశేషమ్మ, అంటే ప్రెసిడెంటు జయరామయ్య భార్య, మొదటి గీత గీసింది. నీలం రంగుతో సముద్రం వచ్చింది, పచ్చ రంగుతో సర్వితోపు వచ్చింది. రామాలయం, చర్చి, రెండు బోరింగులు, వలలు ఆరేసే మిట్ట, అన్నీ వచ్చాయి. చర్చి వెనకున్న సమాధుల తోటకు నేనే చిన్న శిలువ వేశాను. వల్లకాటికి కూడా ఎవరో మూడు గీతలు పెట్టారు.

అంతా అయ్యేసరికి తోపుకూ సముద్రానికీ మధ్య చాపంత చోటు పిండి పడకుండా మిగిలింది. పన్నెండు మంది చేతులూ దాని దాకా వచ్చి పక్కకు తిరిగాయి. ఎవరమూ ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవాల్సిన పనీ లేదు.

ఆ చోటుకు మా ఊళ్ళో పేరు లేదు. 'ఆ పక్క' అంటాం, అంతే. పేరు పెట్టకముందే పోయిన పసిగుడ్లను అక్కడ పెడతారు. రామాలయానికి పోయే ఇళ్ళవాళ్ళయినా, చర్చికి పోయే మావాళ్ళయినా, ఆ బిడ్డలకు అదే చోటు. ప్రార్థన ఉండదు, పాట ఉండదు. తండ్రి ఒక్కడే గుడ్డలో చుట్టి తీసుకుపోయి, పూడ్చి, కుక్కలు తవ్వకుండా తుమ్మకంప కప్పి, వేరే దారిన ఇల్లు చేరతాడు. రాయి పాతడు. ఎక్కడ పెట్టిందీ తల్లికి చెప్పడు. చెబితే ఆమె కాళ్ళు అటే పోతాయట, అటు పోయిన ఆడదాని కడుపు మళ్ళీ పండదట. అందుకే ఆ మాట ఎత్తకూడదు, అటు చెయ్యి చూపకూడదు. అలాంటిదాన్ని బడి ముందు ముగ్గేసి ఎలా చూపిస్తాం?

నా బిడ్డ కూడా అక్కడే ఉంది. నాలుగు రోజులు బతికింది. పదకొండేళ్ళయింది. ఆ తర్వాత నాకు పిల్లలు లేరు. చోటు తెలియకపోయినా నా కడుపు పండలేదు, అంటే ఆ మాట పచ్చి అబద్ధమన్నమాట. అయినా పదకొండేళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుని మోశాను. నా అంత మొద్దు ఇంకెవరూ ఉండరు.

సుధాకర్ బడి మిద్దె ఎక్కి మా ముగ్గును ఫోటో తీసుకున్నాడు. కిందికి దిగి వచ్చి, ఆ చాపంత చోటు పక్కన నిలబడి, "ఇక్కడ ఏముందమ్మా?" అని అడిగాడు.

పన్నెండు మందిమీ నేల చూపులు చూశాం.

"ఏం లేదు సార్," అన్నది వెంకటశేషమ్మ.

ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను నోరు విప్పలేదు. ఈ కథలో ఎవరిని తిట్టినా ముందు ఆ నిమిషానికి నన్ను తిట్టాలి.

రెండు నెలల తర్వాత పంచాయతీ ఆఫీసు గోడకు ఫ్లెక్సీ కట్టారు. రంగు రంగుల బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'ప్రజలే గీసిన దారి' అని రాశారు. తోపులోంచి ఎర్ర గీత మెలికలు తిరుగుతూ వచ్చి, సరిగ్గా ఆ ఖాళీ చోట మూడు గుట్టలు ఎక్కి దిగింది. సైకిలు గాలిలోకి లేచే జంపులట అవి. ఎవరికీ అక్కర్లేని జాగా కాబట్టి అక్కడ పెట్టారట. పార్కు కాపలాకు మా ఆయన ఆండ్రూను తీసుకున్నారని ఆ రోజే తెలిసింది. రొయ్యల గుంటల కాపలా వదిలి నీలం చొక్కా తొడుక్కోబోతున్నానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. నాకు మాత్రం చెప్పలేదు.

ఆ పూట అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ గీత చూసినావా?"

"చూసినా."

"మన పాప మీద రోలర్ తిప్పతారంట."

కలిపిన ముద్ద కంచంలోనే ఆగింది. "ఆ మాట ఎత్తబాక."

"యాడ పెట్టినావో చెప్పు. జంపు ఆడ లేదంటే నేను నోరు మూసుకోని కూర్చుంటా."

"తెలీదు. మర్చిపోయినా."

అబద్ధం. ఏటా వానలకు ముందు ఒక రోజు ఆయన ముంజేతులు గీరుకుపోయి ఇంటికి వస్తాడు. రొయ్యల గుంటల దగ్గర ముళ్ళెక్కడివి? పాత కంప తీసి కొత్త కంప వేసి వస్తున్నాడని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కంప కప్పడం తెలిసిన మనిషికి చోటు తెలియకుండా ఎలా ఉంటుంది? కంచం తీసుకెళ్ళి బయట కుక్క ముందు కుమ్మరించాను.

మర్నాడు పొద్దున్నే వెంకటశేషమ్మ వచ్చింది. మా గొడవ వీధి దాకా వినపడి ఉంటుంది. ఇచ్చిన మంచినీళ్ళు పక్కన పెట్టింది.

"ఏం మే అబిగయీలూ, నీ ఒక్కదానికే పొయ్యిందా? ఊరు ఊరంతా నోరు మూసుకోని ఉంటే నీకేమొచ్చింది? పిల్లకాయలకు పనులొస్తా ఉండాయి. పీడమాటలు తేబాక."

"నీకేం అక్కా, ముగ్గురు కొడుకులు. కడుపు నిండినోళ్ళు ఎన్నయినా చెప్తారు," అన్నాను.

ఆమె ముఖం నల్లబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. అంత మాట అన్నందుకు నాకు అప్పుడు ఏ బాధా కలగలేదు, పైగా తృప్తిగా ఉండింది.

గీత వేసే రోజు రానే వచ్చింది. తోపు చివర షామియానా వేశారు. దిబ్బ మీద సున్నంతో దారి గీసి, జంపులు వచ్చే చోట ఎర్రజెండాలు పాతారు. సూళ్లూరుపేట నుంచి తెచ్చిన రోలర్‌ను డ్రైవరు దిబ్బ అంచు మీద నిలిపి, నీడకు వచ్చి బీడీ వెలిగించాడు. ఊరంతా వచ్చింది, మగవాళ్ళు ఒక వైపు, మేం ఒక వైపు.

"పని మొదలుపెట్టే ముందు చివరిసారి అడుగుతున్నాం. అభ్యంతరాలుంటే చెప్పండి, రాసుకుంటాం," అన్నాడు సుధాకర్.

లేచి నిలబడ్డాను.

"ఆ జెండాలున్న చోట బిడ్డలుండారు సార్. మా ఊరోళ్ళు పసిగుడ్లను పూడ్చిపెట్టేది ఆడే. నా బిడ్డ గూడా ఉంది."

అందరూ ఒక్కసారిగా నా మీద పడ్డారు. ఈమెకేం పొయ్యేకాలం అన్నారు. మా పనులు చెడగొట్టబాక అత్తా అని కుర్రాళ్ళు కేకలేశారు. ముసలి హజరత్తయ్య, నా చిన్నప్పుడు నన్ను పడవెక్కించి తిప్పిన మనిషి, నా వైపు ఉమ్మేశాడు. "ఆడదానివి, నీ నోట ఆ మాటెట్టా వచ్చింది?" అన్నాడు.

సుధాకర్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ముఖాన నవ్వు అలాగే ఉంది. ఫోన్ తీసి మా ముగ్గు ఫోటో చూపించాడు.

"ఇది మీరు గీసిందే కదమ్మా? ఇక్కడ ఏమీ లేదని చెప్పింది కూడా మీ సంఘమే. సమాధుల తోటకు శిలువ మీరే వేశారు. వల్లకాడు కూడా గీశారు. మరి ఇదెందుకు గీయలేదు?"

ఏం చెప్పను? గీయకూడదు కాబట్టి గీయలేదంటే ఆ ఫోన్ పట్టుకున్న మనిషికి అర్థమవుతుందా?

"సరే, ఒక్కటి చూపించండి," అన్నాడు. "ఒక్క చోటు చూపిస్తే దారి పక్కకు జరుపుతాను. మీ బిడ్డ ఎక్కడుందో చూపించండి చాలు."

అడగాల్సినదాన్నే అడిగాడు. పదకొండేళ్ళుగా నాకు తెలియనిదాన్ని ఊరి మధ్యలో నన్నే అడిగాడు.

"చూపించు మరి," అన్నాడు జయరామయ్య కుర్చీలోంచి. "ఊరికే అరిస్తే ఎట్టా? దిబ్బంతా ఇసకే. ఆడేం లేదు సార్, నేను చెప్తా ఉండా గదా. మీరు కానీండి."

నేను మగవాళ్ళ వైపు తిరిగాను. ఆండ్రూ సర్విచెట్టుకు ఆనుకుని ఉన్నాడు, ఒంటి మీద కొత్త నీలం చొక్కా.

"సార్ అడగతా ఉండాడు. చూపించు," అన్నాను.

ఆయన కదల్లేదు.

"నాకు తెలీదు గాబట్టి నేను చూపించలేను. తెలిసినోడివి నువ్వు. చూపించకపోతే పో, ఆ చొక్కా ఏసుకోని నిలబడు. నీ బిడ్డ మీద సైకిలు తొక్కేదానికి వచ్చినోళ్ళకి నువ్వే గేటు తీయి. నువ్వే టిక్కెట్టు చించి ఇయ్యి."

ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మీద అంత అసహ్యం ఆ కళ్ళలో ఎప్పుడూ చూడలేదు. నేనూ తల దించుకోలేదు, నా కళ్ళలోనూ అదే ఉండి ఉంటుంది.

తర్వాత ఆయన చెప్పులు విడిచాడు. తోపు చివర మొండి తాడిచెట్టు దాకా పోయి, దానికి వీపు ఆనించి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ దిబ్బ ఎక్కాడు. సున్నపు గీత దాటి, మూడో ఎర్రజెండా పక్కన ఆగాడు. జెండా పీకలేదు. ఎవరి వైపూ చూడలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పొయ్యిలోకి సర్విపుల్లలు ఏరుకోవడానికి మేం రోజూ పోయే దారికి అది నలభై అడుగుల దూరం కూడా ఉండదు. పదకొండేళ్ళు పుల్లలు నెత్తిన పెట్టుకుని నా బిడ్డ పక్కనుంచే నడిచాను. నాకు ఏడుపు రాలేదు. ఆ మనిషిని అక్కడే నిలువునా చీరేయాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడు హజరత్తయ్య కర్ర పోటేసుకుంటూ లేచాడు. నా వైపు ఉమ్మిన హజరత్తయ్యే. దిబ్బ ఎక్కి, ఒక చోట ఆగి, కాదనుకుని రెండడుగులు వెనక్కి వేసి, అక్కడ నిలబడ్డాడు. ఆయన వెనక మరొకడు లేచాడు. ఆ తర్వాత ఇద్దరు. నాకు కేకలేసిన కుర్రాళ్ళలో ఒకడి తండ్రి కొడుకును పక్కకు తోసి నడిచాడు. పద్నాలుగు మందిని లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. ఇద్దరికి ఒకే చోటు వచ్చింది కాబోలు, ఒకరినొకరు చూసుకుని కాస్త జరిగి, భుజాలు తగిలేలా నిలబడ్డారు. ఇవతల ఆడవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఎవరి మొగుడి కాళ్ళ కింది ఇసుకను వాళ్ళు చూసుకుంటున్నారు.

సుధాకర్ ముఖాన ఇప్పుడు నవ్వు లేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ప్రెసిడెంటు గారూ, మీరు ఏమీ లేదన్నారు," అన్నాడు.

"నాకు తెలవదు సార్. వీళ్ళంతా కూడబలుక్కోని..." జయరామయ్య కుర్చీలోంచి సగం లేచాడు.

వెంకటశేషమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి బయటికి వచ్చింది. నన్ను దాటుకుని పోతూ నా ముఖం కూడా చూడలేదు. మొగుడి కుర్చీ ముందుకు పోయి నిలబడింది.

"ముప్పయ్యేళ్ళాయె," అన్నది. "యాడ పెట్టినావని నేనెప్పుడన్నా అడిగినానా? ఇప్పుడడగతా ఉండా. పో. నువ్వు గూడా పొయ్యి నిలబడు."

జయరామయ్య ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు. నమిలి మింగేసేలా చూశాడు. కాసేపటికి చెప్పులు విడిచి నడిచాడు. జెండాల వైపు పోలేదు. మగవాళ్ళు నిలబడ్డ వైపూ పోలేదు. దిబ్బ అంచు వెంబడి నడుచుకుంటూ పోయి రోలర్ దగ్గర ఆగాడు. ఇనుప చక్రం కింద విరిగిన తుమ్మకంప ఒకటి ఇసుకలోంచి బయటికి పొడుచుకుని ఉంది.

"తియ్యరా," అన్నాడు డ్రైవరుతో. "దీన్ని ఎనక్కి తియ్యి."