ఒక్కటే ప్రింటు

శబరి ఏటి ఒడ్డున కోంటలో బియ్యం వ్యాపారం చేసే రామనాథం మధ్యాహ్నం కొట్టు కట్టేసి, వెనక గోడౌన్‌లో రీళ్లు తుడుచుకుంటూ కూర్చుంటాడు. ఎవరూ గుర్తుపెట్టుకోని పాత దయ్యం సినిమాలు ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చుకోవడం పడుచుతనం నుంచీ ఆయనకున్న పిచ్చి. వాటిలో ఒకటంటే ప్రాణం. విడుదలైన చోట వారం కూడా ఆడలేదది. అందులో దయ్యం తెల్లచీర ముళ్లకంపకు తగులుకుంటుంది. తీసినవాళ్లు కెమెరా ఆపలేదు. ఆమె ఒక్కొక్క ముల్లూ నిదానంగా విడిపించుకుంటుంది. భయపెట్టడం మరిచిపోయిన ఆ ముఖం కోసమే రామనాథం ఆ రీలు మళ్లీ మళ్లీ వేసుకునేవాడు.

రీలు ఆడించినప్పుడల్లా, కంప దాటాక ఆమె నిజంగానే తెర దిగి గోడౌన్‌లోకి వచ్చి, కాసేపు బియ్యం బస్తా మీద కూర్చుంటుంది. ఇంటికి రాకుండా పోయినవాళ్ల కోసం అడవి ఊళ్లవాళ్లు వచ్చి, పేరు చెప్పి అడుగుతారు. ఆ మనిషి చచ్చిపోయి ఉంటే కళ్లు దించుకుంటుంది. బతికే ఉంటే అడ్డంగా తలూపుతుంది. వాళ్లు దండం పెట్టి సంతకు పోతారు.

ఆడించి ఆడించి ఫిల్మ్ పెళుసెక్కింది. రామనాథం దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించేశాడు.

అప్పుడొచ్చింది అడవి ఊరు జగర్గుండా నుంచి ఇర్మె. శబరి దాటి మిరపకోతకు పోయిన ఆమె భర్త లక్మా తిరిగి రాలేదు.

"రేపు మా మరిది హుంగా వాళ్లన్న చచ్చిండని గుర్తుకు చావురాయి నిలబెడతడంట. రాయి లేచినంక నన్ను ఆ మరిదికే కట్టబెడతరు. ఒక్కపారి ఆమెను పిలువు సేటూ."

"ఇంకోసారి వేస్తే ముక్కలైపోతదమ్మా. లోకంలో ఇదొక్కటే ప్రింటు."

"నాకు మాత్రం ఇంకో లక్మా ఉన్నడా ఏంది?"

రామనాథం డబ్బా మూత తీశాడు. తర్వాత లేచి కిటికీలు మూశాడు.

రీలు తిరుగుతుంటే ఫిల్మ్ చిట్లి నేలరాలసాగింది. ఆమె ముళ్లు విడిపించుకుని దిగివచ్చింది. ఇర్మె భర్త పేరు చెప్పింది. దయ్యం కళ్లు మూసుకుని, లోపలెక్కడో వెతికినట్టు ఆగి, అడ్డంగా తలూపింది. ఆమె వెనక్కి తిరిగేసరికి ఫిల్మంతా రాలిపోయి తెర మీద ఉత్త వెలుగే ఉంది. రామనాథం లేచి చేతులు జోడించాడు. ఆయన వంక చూస్తూనే ఆమె మెల్లగా వెలిసిపోయింది.

ఇర్మె రాయి ఎత్తొద్దని హుంగాకు కబురంపింది. అది తెర దిగివచ్చే ఆమె మాటేనని తెలిశాక అతను రాయి ఎత్తడం మానుకున్నాడు. ఆమె అటునుంచటే శబరి వంతెన దాటి, మిరప కల్లాల వెంట ఊరూరా అడుగుతూ పోయింది. వానలకు ముందు ఒక రైతు కొట్టంలో కనిపించాడు లక్మా. తలకు దెబ్బ తగిలి, మాట పడిపోయి, ఊరేదో చెప్పలేక అక్కడే ఉండిపోయాడు.

గుమ్మంలో నిలబడి ఇర్మె అతన్ని పేరు పెట్టి పిలిచింది. అతను తల తిప్పాడు.