ముప్పై రెండు మూరల బ్రేకు

మా ఆడబిడ్డ ఆండాళుకు ఏ బండినైనా నడపడం వచ్చు, ఆపడమే రాదు. కాగితం మీది సంగతి చెబుతున్నాను. "సెకనుకు పదహారు అడుగుల వేగంతో పోతున్న మోటారు, బ్రేకు వేయగా ఆరు సెకన్లలో ఆగింది. ఎంత దూరం పోయి ఆగింది?" అని లెక్క ఇస్తే, త్వరణం ముందు తీసివేత గుర్తు పెట్టవలసిన చోట నిండు మనసుతో కూడిక పెట్టేది. నలభై ఎనిమిది అడుగుల్లో ఆగవలసిన మోటారు నూట నలభై నాలుగు అడుగులు పోయి, అప్పటికీ ఆగక, ఇంకా జోరుగా సూర్యాపేట దిక్కు సాగిపోయేది.

సోమవారం నాడు బడిలో వెంకటనర్సు సారు నల్లబల్ల మీద లెక్క చేయిస్తారు. చేస్తే పెద్ద పరీక్షకు పేరు పంపుతారు. చేయకుంటే ఏమవుతుందో మా మామ ధర్మయ్యగారు మగ్గం గుంటలోంచే చెప్పేశారు.

"పేరు పోకుంటె బడి బంద్. మీ అమ్మ పక్కన కూసోని కండెలకు నూలు సుట్టు."

ఇంట్లో ఇంటరు సైన్సు చదివినదాన్ని నేనే. ఆ చదువు అప్పటిదాకా పాలు ఎప్పుడు పొంగుతాయో చెప్పడానికి తప్ప పనికి రాలేదు. అదీ తప్పే చెప్పేదాన్ని.

"ఆగుడుకు గూడ త్వరణం ఉంటదా వదినా? ఆగుడంటె ఏం చెయ్యకుండ ఉండుడే గదా?"

"ఆగుడే పెద్ద పని. మీ అన్న మాట్లాడుడు ఆపంగ ఎప్పుడన్న చూసినవా?"

"లేదు."

"అదే మరి. చూస్తెనే తెలుస్తది."

ఆదివారం పొద్దున్నే చోటే మియా దుకాణంలో సైకిలు కిరాయికి తెచ్చాం. "బ్రేకులు జర సుస్తుగున్నయ్ బేటీ. నిదానంగ పడ్తయ్. ఫికర్ జెయ్యకు," అన్నాడాయన. మేం ఫికరు చేయలేదు.

మిట్ట మీది నుంచి మా ఇంటి దాకా వీధంతా ఒకటే వాలు. ఆండాళు లంగా ఎగదోపుకుని ఎక్కింది. చిన్నప్పుడే అన్న దగ్గర నేర్చింది. నేను తోశాను.

"మొదటి వేగమెంత?"

"సున్న!"

"ఇప్పుడు?"

"సున్న గాదు! సున్న గాదు వదినో!"

ఆమె వెనక నేను, నా వెనక నా కొంగు. బియ్యం చెరుగుతున్న సుక్కమ్మ చాటతో సహా గోడకు అంటుకుపోయింది.

"త్వరణమంటె గిదేనా?" అని ముందు నుంచి కేక.

"గిదే!" అన్నాను. నవ్వు ఆగితే ఇంకేమైనా చెప్పేదాన్ని.

మలుపు తిరిగామో లేదో, వీధి పొడుగునా తెల్లటి పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు పోగులన్నీ వీధిలో చాపి గంజి పట్టిస్తారు. ఆ పూట అటు కోడి కూడా చుట్టు తిరిగి పోవలసిందే. ఆదివారం చాపరనుకున్నాను. నూలుకు ఆదివారాలు ఉండవని నాకెవరూ చెప్పలేదు. పడుగు ముందు కుంచె పట్టుకుని మామ!

"బాపూ, జరుగు!"

"నేను జరిగితె పడుగు జరుగుతదానె?"

ఆండాళు బ్రేకు నొక్కింది. చోటే మియా చెప్పినంత నిదానంగా కూడా పడలేదది.

"తీసివేత!" అని అరిచాను. "ఆండాళూ, తీసివేత!"

ఏమర్థమైందో గానీ రెండు కాళ్ళూ నేలకు ఆనించేసింది. దుమ్ము లేచింది. ఒక చెప్పు ఎగిరి గంజి బానలో పడింది. ముందు చక్రం పడుగుకు జానెడు దూరంలో నిలిచింది.

మామ నోరు తెరిచారు. తిట్లకు సిద్ధపడ్డాం. ఆయన మాత్రం దుమ్ములో కాలిగీత మొదలైన చోట కూర్చుని, మోచెయ్యి ఆనించి మూరలు వేసుకుంటూ వచ్చారు. పొడుగ్గా ఏది కనిపించినా కొలవకుండా ఉండలేరు మావాళ్ళు.

"పదకొండు మూరలు," అన్నారు లేచి. "పన్నెండయితె నిన్నూ మీ వదినెనూ పడుగుల కలిపి నేస్తుంటి. రేపు సారు పేరు పంపకుంటె సైకిలు బంద్, బడి బంద్!"

సోమవారం సాయంత్రం ఆండాళు వాకిట్లోంచే "వదినా!" అని కేక పెట్టింది. సారు ఆ మోటారు లెక్కే ఇచ్చారట. నల్లబల్ల ముందు నిలబడగానే అరికాళ్ళు చుర్రుమన్నాయట, తీసివేత గుర్తు దానంతటదే పడిందట. నలభై ఎనిమిది వచ్చాక, దూరమంటే మూరలే కదా అని మార్చి, ముప్పై రెండు మూరలని రాసి వచ్చింది.

క్లాసంతా గొల్లుమంది. "మూరకు అడుగున్నర సార్," అందట ఈమె. సారు గుణించి చూశారట. ఆ తర్వాత తన మోచెయ్యి బల్లకు ఆనించి కూడా చూసుకున్నారట.

"లెక్క సరిగ్గనే ఉంది. పరీక్షల మాత్రం అడుగులు రాయమ్మా. దిద్దే ఆయన చెయ్యి పొడుగో పొట్టో మనకేం తెలుసు?" అని పేరు రాసుకున్నారట.

ఇద్దరం చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే మగ్గం చప్పుడు ఆగింది.

"ఎన్ని మూరలన్నవే?"

"ముప్పై రెండు, బాపూ."

"బ్రేకు ఏసినంక గూడనా?"

"ఏసినంకనే!"

మామ పేక పోగు నడిపే నాడె చేతిలో పట్టుకునే వీధి వైపు తొంగి చూశారు.

"గా మోటరు మన వాడకు ఎన్నడొస్తదో జర ముందుగాల చెప్పుండ్రి," అన్నారు. "పడుగు సుట్టేస్త."