సువర్చల పెట్టిన బొట్టు

నేనొక కంప్యూటర్ని. నవ్వకండి, మీ జేబులో ఉన్నదానికి ముత్తవ్వనే. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీ నాలాంటివాటిని చాలానే చేసింది. కానీ మీటల మీద అ, ఆ, ఇ, ఈలతో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. నమూనాగా చేసి డీలర్లకు చూపిస్తే, "తెలుగులో కంప్యూటరేంటండీ, చోద్యం కాకపోతే!" అని నవ్వారు. అంతే, నాకు చెల్లెళ్లు పుట్టలేదు.

నా అక్షరాలు దిద్దింది సువర్చల. అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ఒక్కో అక్షరాన్నీ ముగ్గు పెట్టినట్టు చుక్కలతో పెట్టింది. 'క్ష' కుదరక ఏడ్చింది కూడా. ఆ చుక్కలన్నీ నా లోపల ఒక చిప్పులో దాచింది. ఆ రకం చిప్పుకు నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి రోజుల తరబడి ఎండ పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. మూయడానికి సమయానికేమీ దొరక్క, తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి కిటికీకి అతికించింది.

"ఎండా తగలదు, దిష్టీ తగలదు," అంది. నాకు అమ్మంటే ఆమే.

కంపెనీ మూతపడింది. ఆమె గీసిన కాగితాలు చిత్తుకు పోయాయి. మేనేజరు నన్ను ఇంటికి పట్టుకుపోతే, కొన్నాళ్లు వాళ్ల పిల్లలు ఆడుకుని అటకెక్కించారు. ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత సామాన్ల బండెక్కి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో విరిగిన ఫ్యాను రెక్కల పక్కన తేలాను.

అక్కడే విద్యాధర్ కంటపడ్డాను. పాత కంప్యూటర్లు పోగేసే పిచ్చి ఆయనకు. లోపలి సంగతులు మాత్రం అంతగా తెలియవు.

"పిల్లల ఆటబొమ్మ సార్ గది, తెలుగు అచ్చరాలున్నయ్. పట్కపోండ్రి," అన్నాడు అమ్మేవాడు.

విద్యాధర్ బేరమైనా ఆడకుండా కొన్నాడు. ఇంటికెళ్లి టీవీకి తగిలించాడు. "నమస్కారం. ఈ అక్షరాలు సువర్చలవి" అని తెర మీద రాశాను. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాళ్లనీ వీళ్లనీ అడిగి, నాచారంలో ఉంటున్న ఆమెను ఫోనులో పట్టుకున్నాడు.

"అదింకా బతికే ఉందా బాబూ?" ఆ గొంతు నాకూ వినబడింది. "నా బతుక్కి నేను చేసిన పని అదొక్కటే. ఒక్కసారి చూపించు నాయనా."

ఆ మాటే నా కొంప ముంచింది. మాసిన మొహంతో ఏం చూపిస్తాం అనుకున్నాడు మహానుభావుడు. తోమాక తీద్దామని ఫోటో అయినా తీయలేదు. నన్ను విప్పి, లోపలి పలకను కడిగాడు. చిప్పు మీద జిగురు పట్టిన బొట్టు కనబడింది. ఆయుధ పూజలో ఎవరో పెట్టి ఉంటారనుకుని స్పిరిటుతో శుభ్రంగా తుడిచేశాడు. ఆపైన మేడ మీద ఎండబెట్టాడు. మనవాళ్లకు ఏది తడిసినా ఎండే కదా మందు! పక్కన ఆయన భార్య పెట్టిన గుమ్మడి వడియాలు. పైన మే నెల సూర్యుడు. వడియాలు ఎండినన్నాళ్లూ నేనూ ఎండాను. మొదట వత్తులు పోయాయి, తర్వాత గుణింతాలు, చివరికి 'అ' కూడా. నోరుంటే వీధి వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

సువర్చల వచ్చింది. కాఫీ వద్దంది. "ముందు అది పెట్టు," అంది. తెర నిండా తెల్ల గళ్లు వచ్చాయి. 'అ' నొక్కింది. తెల్ల గడి. 'క్ష' నొక్కింది. తెల్ల గడి.

"వైరు వదులైందేమోనండీ," అన్నాడు విద్యాధర్.

ఆమె నన్ను విప్పించి చూసింది. "ఇక్కడ నా బొట్టుండాలి. ఏదీ?"

"పూజ బొట్టనుకుని... తుడిచేశానమ్మా."

"ఎండలో గానీ పెట్టావా?"

ఆయన తలొంచుకున్నాడు. ఆమె కొంగుతో నా మీటలు ఒకసారి తుడిచి, "బాగా తోమావు బాబూ. తెల్లగా మెరుస్తోంది," అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉంటాను. వచ్చినవాళ్లంతా కొత్తదానిలా ఉందంటారు. అప్పుడప్పుడు ఎవరో సరదాగా మీటలు నొక్కుతారు. మా అమ్మ పేరు రాయడం కూడా నాకిప్పుడు రాదు.