రిమ్ములకు రాసిన నూనె

ఆ పాత రేసు సైకిలు బ్రేకులతో పెంటయ్య దసరా ముందు వారమంతా కుస్తీ పట్టాడు. గట్టిపడిన రబ్బర్లు తీసేసి మెత్తటివి వేశాడు. తుప్పు వైర్లు మార్చాడు. ఇనుప రిమ్ములను గరుకు కాగితంతో రుద్దాడు. తెలంగాణ కోసం సాగే సకల జనుల సమ్మెకు బస్సులు బందైపోయాయి మరి. కూతురు భవాని ఖాజాగూడ నుంచి ఆఫీసులో ఊడ్చే పనికి పోవాలంటే ఆ సైకిలే దిక్కు. పెంటయ్య సైకిలు ఆయన కాపలా పనికే సరిపోతుంది. దారిలో గుట్ట పక్కన నిటారు దిగుడు ఉంది. దాన్ని తలచుకుంటేనే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

“రెండు వేళ్లతోటి నొక్కు బిడ్డా, ఉన్నకాడ్నే ఆగుతది,” అని చూపించాడు. నిజంగానే ఆగింది.

దసరా తెల్లారి భవాని ఎక్కేసరికి సైకిలు తళతళలాడుతోంది. ముందురోజు తల్లి కొమురమ్మ దాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ కట్టింది. బ్రేకులు ఉన్నాయన్న ధీమాతో భవాని దిగుడులో సైకిలును బ్రేకు పట్టకుండా వదిలేసింది.

మలుపు తిరిగింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. సమ్మె జనం రాళ్ల పొయ్యిల మీద పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు.

రెండు వేళ్లతో నొక్కింది. సైకిలు ఆగలేదు. పిడికిలి బిగించి నొక్కింది. రబ్బర్లు రిమ్మును అంటుకున్నట్టే ఉన్నాయి, జారిపోతున్నాయి.

“జరుగుండ్రి! జరుగుండ్రి!”

జరిగితే ఇంకేం? ఒక మనిషి రెండు చేతులూ చాచి ఎదురొచ్చి నిలబడ్డాడు. “సమ్మెల డ్యూటీకి పోతవా? ఎట్ల పోతవో చూస్త.”

“బ్రేకులు పడ్తలేవన్నా!”

ఆ మనిషి వెనకే రుక్కమ్మ అనే ముసలామె పొగలు కక్కే గంజి వారుస్తోంది. ఎడమ పక్కన బండలు. కుడి పక్కన ఎవరో ఇంటికి పోయించిన ఇసుక కుప్ప. భవాని కళ్లు మూసుకుని కుడికి తిప్పింది. ముందు చక్రం దిగబడింది, ఆమె ఎగిరి అవతల పడింది.

మోకాలు చెక్కుకుపోయింది, అరచేతులు మండుతున్నాయి. ప్రాణం మాత్రం దక్కింది. అడ్డం నిలబడ్డ మనిషే పరుగున వచ్చి లేపాడు. సైకిలు లేపబోతే వేళ్లు రిమ్ము మీద జారాయి. వాసన చూశాడు.

“కొబ్బరి నూనె. రిమ్ములకు ఎవలు రాసిన్రు చెల్లే?”

తళతళలాడాలని అమ్మే రాసిందని భవానికి అర్థమైంది. కోపం ముంచుకొచ్చింది. తండ్రి వారం రోజుల కష్టం గంగలో కలిసింది, తన ప్రాణం కూడా కలిసేదే. రుక్కమ్మ పొయ్యిలోంచి చల్లారిన బూడిద తెచ్చి, అంట్లు తోమినట్టు రిమ్ములు తోమసాగింది. అంతలో ఫోను మోగింది.

“మంచిగ చేరినవా బిడ్డా?” కొమురమ్మ గొంతు. “పొద్దుగాల్నుంచి నా పానం పానంల లేదు.”

ఆ బెంగ వినగానే భవాని తిడదామనుకున్నది మానుకుంది.

“మంచిగనే ఉన్ననమ్మా. నీ పూజనే కాపాడింది.”

“నాకు ఎరికే. అందుకే రిమ్ములకు సుత నూనె రాసిన,” కొమురమ్మ సంబరపడిపోయింది. “మీ బాపు సైకిల్ సుత ముంగట పెట్టుకొని కూసున్న. ఆయన గూడ ఆ దిగుడే దిగాలె గద. ఇగో, సీస మూత తీస్తున్న.”

భవాని బూడిద పూసిన రిమ్ము వంక చూసింది.

“అమ్మా, ఆ సీస కింద పెట్టు. నేను పడ్డ.”