తొమ్మిది సంచులు

వసంతకాలంలో ఒక కుటుంబం బొటానికల్ గార్డెన్ చూసి రావాలంటే తొమ్మిది సంచులు కావాలి. మూడింట్లో తిండి, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో అత్తగారి మందులూ నడుం దిండూ, మిగతావాటిలో దుప్పట్లు, స్వెట్టర్లు, "ఎందుకైనా మంచిది" అని ఆఖరి నిమిషంలో ఒక్కొక్కరూ తెచ్చి చేతికిచ్చిన సామాను. అన్నీ సర్ది గుమ్మంలో వరసగా పెట్టిందామె. భర్త వచ్చి ఒక్కొక్కదాన్నీ వేలితో చూపిస్తూ పైకి లెక్కపెట్టాడు. ప్రయాణాల్లో ఆయన చేసే పని అదొక్కటే. అందుకే చాలా శ్రద్ధగా చేస్తాడు. "తొమ్మిది. పదండి, అందరం ఉన్నట్టే" అన్నాడు.

ఈ తోటకే వెళ్దామన్న ఆలోచన ఆమెదని ఎవరికీ తెలీదు. కొడుక్కి సెలవులొచ్చాయని, అత్తయ్యగారికి చల్లగాలి మంచిదని, మరిదికి ఫొటోలు బాగా వస్తాయని ఒక్కొక్కరి చెవిలో ఒక్కో మాట వేస్తూ, చివరికి భర్తే "నాకో ఐడియా వచ్చింది" అనేదాకా తీసుకొచ్చింది. ఆ తోటలో, ఒక పసుపు మేడలో, హెర్బేరియం ఉంది. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలమీద అతికించి, పేరూ పుట్టినచోటూ రాసి దాచే చోటు. కాలేజీలో ఆమెకు పాఠాలు చెప్పిన మేడమ్ ఇప్పుడు దానికి అధికారి. "నాకో మనిషి కావాలి. శనివారం మూడింటికి రా, నీ చేతిపని చూస్తాను. ఉండటానికి వెనక ఒక గది ఇస్తారు. ఆరోజే తేల్చాలి, లేకపోతే ఇంకొకర్ని తీసుకుంటారు" అని మెసేజ్ పెట్టింది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఉద్యోగం మాటెత్తితే, "నేను వద్దన్నానా? మొక్కలేగా, బాల్కనీలో పెంచుకో" అన్నాడు భర్త. అత్తగారు మరికాస్త దయతలిచింది. "ఎండిపోయిన ఆకులు వాకిట్లో బోలెడున్నాయమ్మా, చీపురు తీసుకో." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మాట బాగానే ఉంది కనక. ఆ తర్వాత చీపురు పట్టుకున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. పద్దెనిమిదేళ్ళలో చీపురు పట్టుకోని రోజు లేదు.

తోటలో అడుగుపెట్టగానే భర్త ఒక బెంచీ చూపించాడు. "నువ్వు ఇక్కడ సంచుల దగ్గర కూర్చో. పది నిమిషాల్లో వచ్చేస్తాం. తర్వాత నువ్వు చూద్దువుగాని." కొత్త మాటేం కాదు. ఆమె సముద్రాన్ని చెప్పుల కాపలా నుంచి చూసింది, మ్యూజియాన్ని టికెట్ల కిటికీ పక్కనుంచి చూసింది. ఇప్పుడు లోపలెక్కడో వేల పువ్వులు విచ్చుకుని ఉంటే, ఆమె ఎదురుగా "పువ్వులు కోయరాదు" అన్న బోర్డు ఉంది. దాన్నే చదువుకుంటూ కూర్చుంది.

పది నిమిషాలు రెండు గంటలయ్యాయి. మూడు కావస్తుంటే మంచినీళ్ళ కోసం వచ్చారు.

"నేనో అరగంట లోపలికి వెళ్ళొస్తానండీ."

"లోపలేముందే, అన్నీ మొక్కలే" అని తమ్ముడి వైపు తిరిగాడు. "విన్నావురా, మా నడిచే బీరువాకి షికారు కావాలట."

"పోనీ వెళ్ళనీ అన్నయ్యా" అన్నాడు మరిది. అని, తినేవి ఏ సంచిలో ఉన్నాయో వదినని అడిగాడు.

"ముందు అమ్మని కార్లో కూర్చోబెట్టు, కాళ్ళు నొప్పంటోంది" అన్నాడు భర్త. " మేం గులాబీలు చూసొస్తాం. తర్వాత నీ ఇష్టం."

ఆమె అత్తగారిని భర్త నడిపే కార్లో కూర్చోబెట్టింది, నడుం కింద దిండు సర్దింది, మందుల సంచి కాళ్ళ దగ్గర పెట్టింది. మిగతా ఎనిమిదింటినీ మూడు విడతలుగా మోసి, మరిదివాళ్ళొచ్చిన అద్దెకారు డిక్కీలో సర్దింది. పొద్దున తనూ ఆ కార్లోనే, డ్రైవరు పక్కన, ఒళ్ళో ఫ్లాస్కుతో వచ్చింది. "అత్తయ్యా, ఆ పసుపు మేడలోకి వెళ్ళొస్తాను, ఆయనకి చెప్పండి" అంది. అత్తగారు కళ్ళు తెరవకుండానే "ఊఁ" అంది. అప్పటికి మూడున్నర.

"ఆలస్యమైంది" అంది మేడమ్. ఎండిన ఫెర్న్ మట్ట ఒకటి, అట్ట, బంక, సూది, దారం ముందు పెట్టింది. ముట్టుకుంటే పొడైపోయేలా ఉంది మట్ట. ఆమె దాన్ని అరచేతి మీదికి తీసుకుని మెల్లగా అట్టమీదికి దించింది. కాడని మూడుచోట్ల దారంతో కుట్టింది. కింది రెమ్మ ఒకదాన్ని మెల్లగా తిరగేసి, వెనకవైపు పైకి కనిపించేలా అతికించింది. ఫెర్నుకి విత్తనాలుండవు, ఆకు వెనకే గోధుమరంగు చుక్కలుంటాయి, వాటిని చూస్తేగాని అది ఏ జాతో తెలీదు.

"మర్చిపోలేదే" అంది మేడమ్. "సోమవారం చేరు. మీవాళ్ళతో మాట్లాడి వచ్చి చెప్పు. ఐదింటికి తాళం వేస్తాను."

మెట్లు దిగుతున్నంతసేపూ ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంది. కొన్నాళ్ళు చూస్తానండీ. వారానికోసారి వస్తానండీ. అన్నిటి చివరా "అండీ" వచ్చి కూర్చుంటోంది.

కార్లు నిలిపిన చోట కార్లు లేవు. టైర్ల గుర్తుల మీద రాలిన పూలు ఎర్రగా నలిగి ఉన్నాయి. నిలబడిపోయింది. అప్పుడు ఫోను మోగింది.

"ఏమే, అమ్మ బీపీ బిళ్ళలు ఎక్కడ పెట్టి చచ్చావ్? సంచులు తొమ్మిదీ లెక్క చూసుకునే బయల్దేరానే. వాళ్ళ డిక్కీలో ఎనిమిది, ఇక్కడొకటి."

ఆమెకు అర్థమయ్యింది. సంచులు ఉన్నాయి కనక తనూ ఉన్నట్టే. ఈ కార్లోవాళ్ళు ఆ కార్లో అనుకున్నారు, ఆ కార్లోవాళ్ళు ఈ కార్లో అనుకున్నారు. బయల్దేరి అరగంటైనా అయ్యుంటుంది.

"పక్క జేబులో, రుమాల్లో చుట్టి" అంది.

"ఆఁ, దొరికాయ్."

వెనకనుంచి కొడుకు గొంతు వినిపించింది. "నాన్నా, నా ఛార్జర్ ఏ సంచిలో ఉందో అమ్మని అడుగు." పదహారేళ్ళవాడు. వాడి గొంతులో ఏదో వెతికింది. ఛార్జర్ తప్ప ఏమీ లేదు.

"ఆకుపచ్చ సంచిలో. అద్దెకారులో ఉంది."

"సరే, టీకి ఆపినప్పుడు తీసివ్వు" అని పెట్టేశాడు.

టీకి ఆపుతారు. గ్లాసులు పంచడానికి ఎవరూ దిగకపోతే అప్పుడు తెలుస్తుంది. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఇంతకాలం తను భయపడింది వీళ్ళని వదిలి ఎలా వెళ్ళడమా అని. ఆ పనేదో వాళ్ళే, చూసుకోకుండా, చేసేశారు.

ఐదు నిమిషాలు తక్కువ ఐదు. మేడమ్ కిటికీలు మూస్తోంది.

"మాట్లాడావా? ఏమన్నారు?"

"ఏమీ అనలేదు మేడమ్. గది తాళం ఇప్పిస్తారా?"