గుమ్మం మీది కెమెరా

కుళాయి మేస్త్రి తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. భార్య పోయిన మూడో రోజున, ఇంటి నిండా చుట్టాలుండగా, బావమరిది వైపు వేలు చూపించి అన్నాడు.

"వీడు ఆ రోజు రాలేదు. వచ్చానని అబద్ధమాడుతున్నాడు. గుమ్మం మీద కెమెరా ఉంది. అదే చెబుతుంది."

బావమరిది బట్టలు కుట్టేవాడు. ఆ మధ్యాహ్నం మూడింటికి అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది అతనే. వచ్చి బెల్లు కొట్టాననీ, తలుపు తీయకపోతే వెళ్ళిపోయాననీ అతని మాట. మేస్త్రి ఆరింటికి పని నుంచి వచ్చి తాళంచెవితో తలుపు తీసేసరికి ఆమె వంటగదిలో నేల మీద పడి ఉంది. కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదేమో అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆ "కాస్త ముందు"ను మేస్త్రి ఐదు నెలలుగా నములుతున్నాడు. బావమరిదిని గడప తొక్కనివ్వలేదు.

కెమెరా మాత్రం నోరు విప్పలేదు. మర్నాడు దింపి చూస్తే ప్రాణం లేదు. ఇంటి కరెంటు అక్కర్లేని రకం అది. లోపల బ్యాటరీ, పక్కన అరచేయంత సోలార్ పలక, పలక నుంచి కెమెరాకి చిన్న తీగ. బొమ్మలు లోపలి కార్డులో దాచుకుంటుంది. ఆ కార్డు బయటికి తీస్తే ఎవరికీ చదవడానికి రాదు, కెమెరా లేస్తేనే ఫోనులో కనబడతాయి. మేస్త్రి పలకను తుడిచాడు. డాబా మీద ఎండలో పెట్టాడు. ఇల్లంతా వెతికి మూడు ఛార్జర్లు మార్చాడు. దీపం వెలగలేదు. రెండు షాపులవాళ్ళు పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. మూడో షాపు ఒకామెది. ఫోన్లూ రేడియోలూ బాగుచేస్తుంది. నోరు కత్తి అని పేరు.

ఆమె కెమెరాను అటూ ఇటూ తిప్పి, తీగ గుచ్చుకునే చోట వేలు పెట్టింది.

"ఎవరు బాబాయ్, దీనికింత ప్రేమగా లేపనం పూసింది?"

"నేనే. సిలికాను జిగురు. వాన నీళ్ళు దూరకుండా."

"కంపెనీవాళ్ళు రబ్బరు తొడుగు ఇచ్చారుగా?"

"రబ్బరును నమ్మేవాణ్ణయితే ముప్పై ఏళ్ళు కుళాయిలు బిగించి ఉండేవాణ్ణి కాదు."

"మరి గొప్ప పనే చేశావు. నీళ్ళూ దూరలేదు, కరెంటూ దూరలేదు." ఆమె బ్లేడుతో ఆ ముద్దను చెక్కసాగింది. "పూసినప్పుడు పుల్లటి వాసన వేసిందా?"

"వేసింది. అన్నిటికీ అదే వాడతాను."

"ఆ రకం ఆరేటప్పుడు వదిలే ఆవిరి రాగిని తినేస్తుంది. నీ గొట్టాలకు పర్లేదు. దీనికి విషం." భూతద్దం అతని చేతికిచ్చింది. పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఒకటైతే సగమే మిగిలింది. "ఎప్పుడు పూశావు?"

"పెట్టిన నాడే."

"అయితే ఎక్కువ రోజులు బతికి ఉండదు పాపం."

మేస్త్రి భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. "నువ్వు బాగుచెయ్యి అమ్మాయ్. లెక్కలు నేను చూసుకుంటాను."

ఆమె స్పిరిటుతో తోమింది. పాత సాకెట్టు పీకి కొత్తది అతికించింది. బ్యాటరీ మరీ అడుగంటి పోయిందనీ, మెల్లగా తాగించాలనీ చెప్పి పక్కన పెట్టింది. మేస్త్రి స్టూలు మీద రెండు గంటలు కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. ఈ సాయంత్రం చుట్టాలందరినీ పిలిచి, బావమరిది మొహం మీదే ఆ ఖాళీ గుమ్మం బొమ్మ చూపించాలి. మూడింటి నుంచి నాలుగింటి దాకా ఎవరూ లేని గుమ్మం. అంతకు మించి అతనికి ఈ లోకంలో కావలసింది లేదు.

ఎర్ర దీపం వెలిగింది. అతను జేబులోంచి భార్య ఫోను తీసిచ్చాడు. ఆమె రెండింటినీ కలిపి, బొమ్మల వరస తెరిచింది.

"ఇదే ఆఖరిది బాబాయ్."

మేస్త్రి తేదీ చూశాడు. భార్య పోవడానికి ఇరవై రెండు రోజుల ముందుది.

"తర్వాతవి చూపించు."

"తర్వాతవి లేవు."

"కార్డు నిండిపోయిందేమో."

"సగం ఖాళీగానే ఉంది. ఆ రోజుతో బ్యాటరీ చచ్చింది, అంతే." ఆమె వేలు బొమ్మ మీద పడింది. అది కదిలింది.

భార్య ముఖం తెర నిండా వచ్చింది. స్టూలెక్కినట్టుంది. కళ్ళు చికిలించి తీగను కదుపుతోంది.

"ఏమండీ, ఇది ఛార్జింగ్ ఎక్కడం లేదండీ. ఫోన్లో చూపిస్తోంది. ఆ జిగురు తీసి ఒక్కసారి చూడకూడదూ?"

కింద నుంచి మేస్త్రి గొంతే. "నెత్తి మీద అంత ఎండుంటే ఎందుకెక్కదు? నీకు తెలిసిందల్లా పాలు పొంగబెట్టడమే. దిగు ముందు."

"సరే, మీ ఇష్టం," అంది ఆమె. కోపం లేదు ఆ గొంతులో. అలవాటే ఉంది. కొంగుతో అద్దం తుడిచింది. తెర చీకటైంది.

షాపామె ఇక ఎత్తిపొడవలేదు. "మళ్ళీ పెట్టనా?" అని మెల్లగా అడిగింది.

"వద్దు."

అక్కడి నుంచి అతను ఇంటికి పోలేదు. బావమరిది షాపుకు పోయాడు. బావమరిది మిషను తొక్కుతూనే ఉన్నాడు, తలెత్తలేదు.

"ఏం బావా, కెమెరా మాట్లాడిందా?"

"లేదు. అంతకు మూడు వారాల ముందే చచ్చింది. నేనే చంపాను."

"మరి నేను వచ్చినట్టా, రానట్టా?"

"తెలీదు."

"ఇంకా తెలీదు!" బావమరిది మిషను ఆపాడు. "కెమెరాని అడిగావు. వీధిలో అందర్నీ అడిగావు. నన్నడిగావా ఒక్కసారి? వచ్చావా రాలేదా అంటూ గొంతు పట్టుకున్నావే గానీ, వచ్చి ఏం చేశావురా అన్నావా?"

"చెప్పు. ఏం చేశావు?"

"రెండుసార్లు బెల్లు కొట్టాను. లోపల కుళాయి పడుతున్న చప్పుడు. గిన్నెలు కడుగుతోంది, వినపడలేదేమో అనుకున్నాను. మెట్టు మీద పావుగంట కూర్చున్నాను. నీళ్ళు ఆగలేదు. ఆ వారం అక్కకు నా మీద అలక. కావాలనే తీయడం లేదనుకుని, రోషమొచ్చి వెళ్ళిపోయాను. అదీ నా పాపం బావా. అబద్ధం కాదు నాది."

మేస్త్రికి ఆ కుళాయి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం అతను వంటగదిలోకి వెళ్ళేసరికి తొట్టి మీద కుళాయి ధారగా పడుతోంది. ఆమె మీదికి వంగకముందే అతని చెయ్యి ఆ కుళాయి కట్టేసింది. ముప్పై ఏళ్ళ అలవాటు. ముందు కుళాయి, ఆ తర్వాతే భార్య. సిగ్గుపడి ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు, చుట్టాలకు చెప్పలేదు. ఆ కుళాయి సంగతి ఎవరికీ తెలిసే దారి లేదు, తలుపు బయట నిలబడి విన్నవాడికి తప్ప.

"వచ్చావురా," అన్నాడు. "నువ్వు వచ్చావు."

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు గానీ లేవలేదు. కూర్చోమనీ అనలేదు.

"అబద్ధాలకోరునని నిండింట్లో అన్నావు బావా. ఇప్పుడు నా చెవిలో చెబితే ఏం లాభం?"

మళ్ళీ మిషను తొక్కసాగాడు.

మేస్త్రి వీధిలోకి వచ్చి ఫోను తీశాడు. ఆ మూడో రోజున అందరికంటే గట్టిగా బావమరిదిని తిట్టింది భార్య పెద్దమ్మ. ఆమెకు చెముడు.

"ఎవరూ?" అంది ఆమె.

"నేనే పెద్దత్తయ్యా, మేస్త్రిని!" వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. అతను ఇంకా గొంతు పెంచాడు. "నా బావమరిది ఆ రోజు వచ్చాడు! అబద్ధమాడింది నేను! కెమెరా పాడుచేసిందీ నేనే!"

"ఏంటీ?"

"మళ్ళీ చెబుతాను, విను!"

వెనక షాపులో మిషను చప్పుడు ఆగింది.